పొత్తు లేని చక్రాలు

ఆయుధపూజ నాటి రాత్రి, ఆదోనిలో మూతపడిన పత్తిమిల్లులో అన్నదమ్ములిద్దరే ఉన్నారు. తెల్లారితే మిల్లులో పట్టాల మీదున్న పాత ఆవిరి రైలింజనును కోసుకుపోవడానికి తుక్కువాళ్లు వస్తారు. ఆలోగా ఇత్తడి సామాను విప్పుకుందామని తమ్ముడు గిరిధర్ ఇంజను కిందికి దూరాడు. అన్న రంగనాథం టార్చి పట్టుకుని బయట నిలబడ్డాడు.

విక్టోరియా రాణి కాలంలో ప్రయోగానికని చేసిన ఇంజను అది. చిన్న సిలిండరులో పనిచేసిన ఆవిరినే పెద్ద సిలిండరులోకి పంపి మళ్లీ పనిచేయించేవాళ్లు. చిన్నది వెనక చక్రాలను, పెద్దది ముందు చక్రాలను తిప్పేది; కానీ ఆ రెండు జతలనూ కలుపుతూ కడ్డీ వేయలేదు. బయలుదేరేటప్పుడు ఒక్కోసారి ముందువి ముందుకు, వెనకవి వెనక్కి తిరిగేవట. ఇంజను ఉన్నచోటే ఉండేదట. అందుకే వీళ్లింటివాళ్లు పూజనాడు దీనికి నిమ్మకాయలు ముందు చక్రాలకు ముందు, వెనక చక్రాలకు వెనక పెడతారు.

"ఇంజన్ను తుక్కుకు అమ్మొద్దంటే నీవు ఇనలేదు" అన్నాడు రంగనాథం.

"తుప్పుకు పూజ చేసింది చాల్లే అన్నా. టార్చి సరిగ్గా పట్టు."

రంగనాథం టార్చి తిప్పాడు. సాయంత్రం తాను పెట్టిన నిమ్మకాయలన్నీ నలిగిపోయి ఉన్నాయి. రసం ఇంకా పట్టాల మీంచి జారుతోంది. ఇంజను మాత్రం జానెడు కూడా జరగలేదు.

"గిరీ, బయటికి రాప్పా."

"ఒక్క బోల్టు ఉండాదన్నా."

"ఉండనీ. నీవు రా."

రోడ్డు మీద ఎమ్మిగనూరు బస్సు పోతున్న చప్పుడు సన్నగిల్లింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"సర్లే, వస్తాండా" అన్నాడు గిరిధర్ కింద నుంచి, నవ్వుతూనే. "నగులాటకు తొయ్యొద్దన్నా. చక్రం చెయ్యికి తగుల్తాంది."

రంగనాథం రెండు చేతులతో టార్చి పట్టుకుని, ఇంజనుకు చేయి అందనంత దూరాన నిలబడి ఉన్నాడు.