ఎడమ పక్క వంకర

"మళ్ళీ ఎడమ పక్కే ఎక్కువ వంగిందన్నా," అన్నాడు శాంతికుమార్, మూలమట్టాన్ని రేకు మూలలో పెట్టి చూస్తూ.

కేశవ వంగి చూశాడు. కుడి చివర మట్టం ఒద్దికగా కూర్చుంది. ఎడమ చివర మూల బిగుసుకుపోయి మట్టం లోపలికి దిగనే లేదు.

"బీరువా తలుపురా అది! ఉదయగిరి నారాయణయ్య నిన్ననే తిప్పి పంపినాడు, పైన మూస్తే కింద నోరు తెరుస్తా ఉండాదని."

"తెలుసన్నా."

"తెలిసి ఏం లాభం? దసరా ముందు దాకా బాగానే వంచినావు గదా. ఇప్పుడేం పుట్టింది నీకు?"

అదే తెలిస్తే శాంతికుమార్‌కి ఇంత తిప్పలెందుకు? ఆత్మకూరులో కేశవ షెడ్డు పెట్టిన నాటి నుంచీ ఈ బెండింగ్ మిషన్ మీద ఉన్నది అతనే. చెయ్యాల్సినవన్నీ చేశాడు. పొద్దున్నే నూనె వేడెక్కేదాకా మిషన్‌ని ఖాళీగా ఆడించాడు. రేకు మందం రెండు చివర్లా కొలిచాడు. వెనకాల రేకును ఆపే కడ్డీ సమంగా ఉందని చూసుకున్నాడు. రేకును నొక్కే పంచ్ అచ్చు పైనుంచి, కింద గాడిలా ఉండే డై లోకి రెండు వైపులా ఒకే ఎత్తున దిగుతోంది. అదే రేకులోంచి చిన్న ముక్క కోసి, నడిమధ్యన పెట్టి వంచితే ముక్క ముచ్చటగా వస్తోంది. పొడుగు రేకు పెట్టేసరికి మాత్రం ఎడమ పక్క వంకర తయారు. విసుగు కూడా అలిసిపోయే దశకి వచ్చాడతను.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుండాది," అంది పిచ్చమ్మ.

ఆమె కేశవ తల్లి. ఇల్లు షెడ్డు వెనకాలే. టీ తెచ్చే వంకన వచ్చి, మిషన్‌కి ఎడమ పక్క స్టూలు వేసుకుని కూర్చుంటుంది. కూర్చుని ఊరుకుంటే బాగుండును. రేకు పెట్టినంతసేపూ శాంతికుమార్ చేతుల వంకే చూస్తుంది. ఎప్పుడు తప్పు చేస్తాడా అని కాచుకుని ఉన్నట్టు ఉంటుంది అతనికి.

దసరా ముందు నిజంగానే తప్పు చేశాడు. ఏదో ఆలోచనలో ఉండగా ఎడమచేతి గ్లౌజు కొస పంచ్ కింద ఇరుక్కుంది. చెయ్యి లాక్కున్నాడు గనుక సరిపోయింది, ఖాళీ కొస మాత్రం అప్పడమైంది. అది పిచ్చమ్మ కంట పడనే పడింది.

"కళ్ళు నెత్తిన పెట్టుకున్నావా? మా వంశీ అయితే ఇట్ట చేస్తాడా?" అని షెడ్డు ఎగిరిపోయేలా అరిచింది. వంశీ ఆమె తమ్ముడి మనవడు. ఏఎస్ పేటలో ఉంటాడు. ఐటీఐ చదివి ఖాళీగా ఉన్నాడు.

మర్నాడు ఆమె దగ్గరికి వచ్చి ఆరా తీసింది.

"నీ పేరు శాంతికుమారేనా, ఇంకేమన్నా ఉండాదా?"

"అదేనమ్మా."

"మీ అమ్మ పేరేంది?"

"హన్నమ్మ."

ఆ పేరును పెదాల మీద ఒకసారి తిప్పుకుని, అటునుంచి అటే వెళ్ళి ఏఎస్ పేట ఆటో ఎక్కింది. శాంతికుమార్‌కి సంగతి అర్థమైంది. పేరూ పుట్టుపూర్వోత్తరాలూ కనుక్కుని, వంశీ ఇంటికి కబురు మోసుకెళుతోందన్న మాట. మనసు చివుక్కుమంది.

ఆ అనుమానమే ఇప్పుడు కేశవ మాటతో నిజమైంది.

"రేపు వంశీని రమ్మన్నాను రా. సాయంత్రానికి తలుపు సరిగ్గా రాకపోతే మిషన్ వాడికి అప్పజెప్తాను. నన్ను మాత్రం ఏం చెయ్యమంటావు?"

కోప్పడినా బాగుండేది, కేశవ గొంతులో నీరసం తప్ప కోపం లేదు. అదే శాంతికుమార్‌ని కుంగదీసింది. ఈ పని పోతే ఈ వయసులో ఇంకో షెడ్డు గడప ఎక్కే ఓపిక తనకు లేదు.

"ఒకసారి కింద డై విప్పి చూద్దామన్నా. ఆయుధపూజకి కడగడానికి విప్పినాం గదా. ఎక్కించేటప్పుడు కింద నలకేమన్నా పడిందేమో."

"దాన్ని మాత్రం కదిలించబాకండి," అంది పిచ్చమ్మ గబుక్కున.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"పూజ చేసి ఎక్కించింది," అంది ఆమె, చూపు తిప్పుకుని.

శాంతికుమార్ ఇక వినలేదు. బోల్టులు వదులు చేశాడు. కేశవ గడ్డపలుగు అందించాడు. ఇద్దరూ కలిసి డైని పైకి లేపారు. ఎడమ చివర, సరిగ్గా అతని చెయ్యి ఉండే చోటు కింద, మడతలు పెట్టిన రాగిరేకు ఉంది. నల్లదారం చుట్టి, పసుపు పూసి ఉంది. ఇన్నాళ్ళ బరువుకి నలిగి డైకి అంటుకుపోయింది.

కేశవ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా, ఇది నువ్వు పెట్టినావా?"

"నేనే. మీరు డై కడిగి ఆరబెట్టినప్పుడు పెట్టినాను," అంది ఆమె, ఏ తడబాటూ లేకుండా.

 శాంతికుమార్ రాగిరేకు పీకి జేబులో వేసుకున్నాడు. కింద గుడ్డతో తుడిచి, డై ఎక్కించి, కొత్త రేకు వంచాడు. మూలమట్టం రెండు చివర్లా ఒకేలా కూర్చుంది. సంతోషించాలని కూడా తోచలేదు. నెల రోజులుగా తిన్న మాటలన్నీ గొంతులోకి వచ్చాయి.

జేబులోంచి రాగిరేకు తీసి ఆమె ముందు చాపాడు.

"పొమ్మంటే పొయ్యేవాణ్ణి గదమ్మా. వంశీ కోసం చేతబడి దాకా ఎందుకు?"

పిచ్చమ్మ నివ్వెరపోయి చూసింది. రేకు అందుకుని కొంగుతో తుడిచి, కళ్ళకద్దుకుంది. తర్వాత అతని ఎడమచెయ్యి పట్టుకుని, మళ్ళీ ఆ అరచేతిలోనే దాన్ని పెట్టి వేళ్ళు మూసింది.

"హన్నమ్మ కొడుకు వేళ్ళు పదిలంగా ఉండాలని ఏఎస్ పేట దర్గాలో కట్టించిన తాయెత్తురా అది."