నూకరాజు కొత్త నిక్కరు

నాలుగో రౌండులో నూకరాజు నిక్కరు జారింది.

సమయానికి పట్టుకున్నాడు కాబట్టి పరువు దక్కింది. లేకపోతే రైల్వేవాళ్ల ట్రాఫిక్ గ్రౌండులో పొద్దున్నే హాకీ ఆడుతున్న కుర్రాళ్లకు వారం రోజులు సరిపడా నవ్వులు దొరికేవి.

పందొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం మాట. ఖరగ్‌పూర్ వర్క్‌షాపు సైరనుతో తెల్లవారే రోజులు. ఆరేసిన పంచె సాయంత్రానికి బొగ్గు నుసితో నల్లబడేది. అప్పుడు విసుక్కునేవాళ్లం కానీ, ఇప్పుడు తలుచుకుంటే ఆ నుసి కూడా ముద్దొస్తుంది.

నూకరాజు లోకోషెడ్డులో ఫైర్‌మన్. పద్దెనిమిదేళ్లు ఇంజను పొయ్యిలోకి బొగ్గు విసిరాడు. యార్డులో ఇంజను నడిపే షంటర్ పోస్టు ఒక్కటి ఖాళీ అయింది, వరసలో ముందున్నది అతనే. తీరా చూస్తే భార్య జోగమ్మ చేతివంట అడ్డం వచ్చింది. ప్రమోషనుకు ముందు పరీక్ష చేసే రైల్వే డాక్టరు కాటా ఎక్కించి, మూడు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గితే సరేసరి, లేకపోతే ఇంకొకరిని పిలుస్తారని తేల్చేశాడు.

అందుకే ఈ పరుగులు.

నిక్కరు పట్టుకుని నిలబడ్డ అతని దగ్గరికి ఒక ముసలాయన వచ్చాడు. వెలిసిపోయిన ఖాకీ చొక్కా. రోజూ తెల్లవారుతూనే వచ్చి, పరిగెత్తేవాళ్ల కాళ్లకు తగలకుండా దారిలో రాళ్లు ఏరి పారేస్తుంటాడు. గ్రౌండు మాలీ కాబోలనుకున్నాడు నూకరాజు.

ముసలాయన కాలరుకు గుచ్చుకున్న సూది తీసి, నిక్కరు నడుం దగ్గర మడత పెట్టి కుట్టడం మొదలుపెట్టాడు. కుడుతూ పేరడిగాడు. నూకరాజు నోట్లో నువ్వుగింజ నానదు. పేరుతోపాటు షెడ్డు, పోస్టు, కాటా, అన్నీ చెప్పేశాడు.

ముసలాయన చేతిలో సూది కాసేపు ఆగింది. మళ్లీ కదిలింది.

"రేపు గోల్‌బజార్ ఎల్లి కొత్తది కొనేస్తాను తాతా," అన్నాడు నూకరాజు.

"ఇప్పుడు కొనకు బాబూ. కొత్తది సరిగ్గా అతికిందంటే ఒల్లు అక్కడే ఆగిపోద్ది. ఇది ఎంత జారితే నీకంత మంచిది."

అప్పటినుంచి వారానికో మడత. ముసలాయన కుట్టడమే కాదు, పక్కనే నడిచేవాడు కూడా. నూకరాజు ఆయాసపడి కూలబడితే లేపేవాడు. నూకరాజు కూడా మొహమాటపడలేదు. తువ్వాలు పట్టుకోమన్నాడు, కుళాయి నుంచి నీళ్లు తెమ్మన్నాడు. ముసలాయన తెచ్చాడు.

ఆరో వారానికి నిక్కరు చీర కుచ్చిళ్లలా తయారైంది. షెడ్డులో వాళ్లు నీ నిక్కరు ఏ ఊరి చీరని అడిగారు. రోషం వచ్చి, దుర్గాపూజ సెలవుల్లో నూకరాజు చాటుగా తెల్లటి కొత్త నిక్కరు కొనేశాడు. నడుముకు చక్కగా అతికింది. ఇక సాధించేశాననుకున్నాడు. ఆ సంబరంలో రెండు రౌండ్లు తగ్గాయి, నాలుగు రసగుల్లాలు పెరిగాయి. పది రోజులు తిరిగేసరికి కాటా మీద కిలోన్నర ఎక్కువ తేలింది.

ముసలాయన తిట్టలేదు. పాతదే వేసుకు రమ్మన్నాడు. మర్నాటినుంచి చీకటుండగానే వచ్చి, గంటసేపు ఎక్కువ నడిపించాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉండేవి. నిద్ర చాలదేమో అనుకున్నాడు నూకరాజు, అడగలేదు. అసలు పేరే అడగలేదు.

చివరి రోజు ముసలాయన తనే అడిగాడు, మెడికల్ ఎప్పుడని.

"సోమవారం."

"కాటా దిగినాక కొనుక్కో. అప్పుడు కొన్నదే నీది."

సోమవారం నూకరాజు కాటా దిగాడు. పన్నెండు కాదు, పదమూడు కిలోలు తగ్గాడు. డాక్టరు సంతకం పెట్టాడు.

తిన్నగా గోల్‌బజార్ వెళ్లి తనకో నిక్కరు, ముసలాయనకో పంచెల చాపు కొన్నాడు. కొత్త నిక్కరు వేసుకుని మర్నాడు గ్రౌండుకెళ్తే ఆయన లేడు. ఆ మర్నాడూ లేడు. మూడోరోజు, గడ్డి కోస్తున్న ఎర్రయ్యను మాలీ ఎక్కడని అడిగాడు.

"మాలీని నానే కదా," అన్నాడు ఎర్రయ్య. "నువ్వడిగేది తవిటయ్య గురించా? ఆయన మీ షెడ్డు ఫైర్‌మనే, పని నింపురా యార్డులో. రాత్రి డ్యూటీ దిగి ఇటే వచ్చేవాడు. మొన్నటితో యాభై ఎనిమిదేళ్లు నిండినాయి, రిటైరైపోయి ఊరెల్లిపోనాడు."

పెళ్లాం వైద్యం కోసం వాల్తేరు నుంచి తనే బదిలీ అడిగి వచ్చాడట. అలా వచ్చినవాళ్ల పాత సర్వీసు వరసలోకి రాదు. అందుకే కుర్రాళ్ల వెనక పడిపోయాడనీ, ఒక్కరోజైనా రెగ్యులేటర్ మీద చెయ్యేసి ఇంజను నడపాలని ఆశపడేవాడనీ ఎర్రయ్య చెప్పాడు.

రాత్రంతా బొగ్గు ఎత్తి వచ్చిన మనిషి చేత నీళ్లు మోయించానని నూకరాజుకు సిగ్గు ముంచుకొచ్చింది. ఊరి చిరునామా కోసం షెడ్డు ఆఫీసుకు పరిగెత్తాడు. గుమాస్తా సీనియారిటీ లిస్టు తీసి బల్లమీద పరిచాడు.

ఆ లిస్టులో ఎవరైనా తమ పైనున్న పేర్లే చూసుకుంటారు. నూకరాజు మొదటిసారి తన కింద పేరు చదివాడు.

తను కాటా మీద తప్పితే షంటరుగా పిలవాల్సిన మనిషి తవిటయ్యేననీ, ఆ సంగతి తెలుసుకున్నట్టు మూడు నెలల కిందటే ఆయన సంతకం పెట్టాడనీ ఆ వరసలో రాసి ఉంది.