నల్లకోడి గుడ్లు

పెట్ట రెక్క కింది నుంచి తల బయటపెట్టిన మొదటి పిల్ల కాళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

గురువమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని ముక్కు తెరిచి చూసింది.

నల్లకోడి పిల్లంటే కాళ్లు నలుపు, ముక్కు నలుపు, నాలుక కూడా నలుపే ఉండాలి.

సాయంత్రానికి పన్నెండు పిల్లలు బయటికొచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి నల్లది లేదు. అన్నీ మారికుప్పం వీధుల్లో తిరిగే మామూలు నాటుకోళ్లే.

“గుడ్లిచ్చిన టేకల్ ముసిలోడు మోసం చేసినాడక్కా,” అన్నాడు తమ్ముడు సీనప్ప గుమ్మంలో నిలబడి.

బంగారు గనులు మూతపడి, ఊపిరి జబ్బుతో మొగుడు పోయాక గురువమ్మ సొంతంగా మొదలుపెట్టిన పని ఇదొక్కటే.

ఆ చుట్టుపక్కల అసలైన నల్లకోళ్లు ఉన్నది టేకల్‌లో చెన్నరాయప్ప దగ్గరే. సీనప్పను వెంటబెట్టుకుని రైల్లో వెళ్లి గుడ్లు కొనుక్కొచ్చింది.

“గుడ్లొద్దమ్మా, పిల్లల్ని తీసుకపో,” అని ఆయన ఆ రోజు గట్టిగానే చెప్పాడు. “గుడ్డులో ఏముండాదో పొదిగేదాకా తెలీదు. పిల్లయితే కండ్లకి కనపడతాది.”

“పిల్లలు శానా పిరమప్పా, అంత దుడ్డు నా దగ్గర లేదు. ఇంట్లో పొదుగుపెట్ట ఉండాది. గుడ్లే ఇయ్యి.”

పదిహేను గుడ్లు పొట్టులో సర్ది ఇచ్చాడు.

“రైల్లో కుదుపు తిన్న గుడ్లు. ఒక దినం చల్లగా, కదిలించకుండా పెట్టు. ఆ తర్వాతే పొదగెయ్యి.”

తన రేకుల ఇల్లు ఉడికిపోతుందని, ఆ ఒక్క రోజూ గంపను సీనప్ప ఇంట్లో ఉంచింది. మర్నాడు సాయంత్రం తన చేత్తోనే పెట్ట కింద పెట్టుకుంది.

ఇప్పుడు చూస్తే ఇదీ సంగతి.

మూడో రోజు పిల్లల్ని గంపలో వేసుకుని మొదటి రైలెక్కింది. సీనప్ప రానన్నాడు.

“ఆ ముసిలోని మొగం చూస్తే కొట్టేస్తానక్కా. నువ్వే పోయిరా.”

టేకల్‌లో పాలు పోయడానికి వెళ్తున్న జనమంతా చెన్నరాయప్ప ఇంటి ముందు ఆగిపోయారు. గురువమ్మ గొంతు అంత పెద్దగా లేచింది.

“ఇదేనప్పా నీ నల్లకోడి? ఈ వయసులో దొంగతనానికి సిగ్గు లేదా నీకు?”

చెన్నరాయప్ప వంగి ఒక పిల్లను అరచేతిలోకి తీసుకున్నాడు. కాళ్లు చూశాడు. చాలాసేపు చూశాడు.

“పొదగేసే ముందర గంప యాడ పెట్టినావమ్మా?”

“నా తమ్ముని ఇంట్లో. ఏం, వాని మీదికి తోద్దామనా? మొగుడు పోయినాక నాకుండేది వాడొక్కడే. వాడే లేకపోతే ఎప్పుడో రైలుపట్టా మీద తల పెట్టి ఉందును!”

ముసలాయన ఏదో అనబోయాడు. వెనక నుంచి ఆయన భార్య అక్కయమ్మ ముందుకు రాబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

“తప్పు నాదేనమ్మా. నా దగ్గరే గుడ్లు కలిసిపోయినట్టుండాది.”

లోపలికి వెళ్లి పదకొండు పిల్లల్ని తెచ్చాడు. బొగ్గు ముక్కల్లా ఉన్నాయి. పుట్టి మూడు రోజులైనా అయ్యుండదు.

“వీటిని తీసుకపో. నా మీద కోపం పెట్టుకోవద్దు.”

“దొరికిపోయినాక మంచోనివైతే ఎవరికి కావాల?” అంది గురువమ్మ. పిల్లల్ని మాత్రం తీసుకుంది.

కోపం అక్కడితో చల్లారలేదు. రైలు పెట్టెలో చెప్పింది. సంతలో చెప్పింది. కొళాయి దగ్గర చెప్పింది. టేకల్ ముసలోడు దొంగ అన్న మాట మారికుప్పం నుంచి ముళబాగిలు దాకా పాకింది.

ఏడాది తిరిగేసరికి ఆ పదకొండూ పెద్ద మంద అయ్యాయి. గురువమ్మ ఇంటి ముందుకే జనం వచ్చి కొనేవారు. అమ్మకాలన్నీ సీనప్ప చేతిలోనే పెట్టింది.

మందకు కొత్త రక్తం కావాలి, వేరే పుంజు కావాలి. ఎక్కడ వెతికినా దొరకలేదు. చివరికి అభిమానం చంపుకుని టేకల్ వెళ్లింది.

కోళ్ల దొడ్డి ఖాళీగా ఉంది. అక్కయమ్మ అరుగు మీద అనపకాయలు ఒలుస్తోంది.

“పెద్దాయన యాడమ్మా?”

“పోయి నాలుగు నెలలాయ. కొనేవాళ్లు లేక కోళ్లను అంతకు ముందే తెగనమ్మేసినాడు.”

గురువమ్మ అరుగు అంచున కూర్చుంది. ఏదో ఒకటి అనాలనిపించింది.

“నన్ను మోసం చేస్తే చేసినాడు గానీ, ఆ తర్వాత ఇచ్చిన పిల్లలు మాత్రం మంచి జాతివే.”

అక్కయమ్మ చేతులు ఆగిపోయాయి.

“ఇంగ ఎన్నాళ్లు మోసేదమ్మా ఈ మాట? చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. పెట్టించుకున్నాయనే లేడు.”

“ఏం మాట?”

“నువ్వు గుడ్లు కొనుకపోయిన మర్నాడు పొద్దున్నే నీ తమ్ముడు వచ్చినాడు. మా అక్కకి వద్దంట అని పదైదు గుడ్లూ వాపసిచ్చి, దుడ్లు తీసుకపోయినాడు. నిజమే అనుకున్నాము. నువ్వు ఆ పసుపుకాళ్ల పిల్లల్ని తెచ్చి అరిచిన పొద్దే, వాడు గంపలో నాటుగుడ్లు పెట్టినాడని మాకు తెలిసింది.”

గురువమ్మ ఇంటి తాళాలు, మంద, అమ్మకాలు, అన్నీ ఈ క్షణాన సీనప్ప దగ్గరే ఉన్నాయి.

“మరి ఆ పొద్దే చెప్పలేదే? అంత మంది ముందర దొంగ అన్నానే!”

“నేను చెప్పబోయినాను. ‘ఆ యమ్మకి ఉండేది వాడొక్కడే అంటాంది, ఆ ఆసరా కూడా తీసేస్తే ఎట్ల’ అన్నాడు.”

అక్కయమ్మ చాటను పక్కకు జరిపింది.

“వాపసు వచ్చిన గుడ్లను మర్నాడే మా పెట్ట కింద పెట్టినాడు, నీకిచ్చిన పదకొండు పిల్లలూ ఆ గుడ్లలో నుంచి వచ్చినవే, తల్లీ.”