బొరియ గుమ్మంలో గోరింక

ఆ అడవిలో ఎవరు ఏం చెప్పాలన్నా ఒక్కసారే అరుస్తారు. ఆ కేకను కావాలన్నవాళ్ళ బొరియల్లోకి చేరవెయ్యడం గోరింకల పని. బొరియకో గోరింక.

ఒకనాడు నక్క తన గోరింకను పిలిచింది. "కప్పల కచేరీతో చెవులు చిల్లులు పడుతున్నాయి. ఇకనుంచి గుమ్మంలో కాపలా కాయ్. కప్పల అరుపు లోపలికి రాకూడదు."

"అంతేనా? ఇంకేమైనా చెబుతావా?"

"అంతే! ఎదురు ప్రశ్నలెయ్యకుండా పని చూడు."

ఆ క్షణం నుంచి బొరియలో చిన్న అలికిడి కూడా లేదు. నక్క కాళ్ళు బార్లా చాపుకుని గురక పెట్టింది. మెలకువ వచ్చేసరికి ముక్కులోకి నీళ్ళు! వాగు పొంగింది. తోక తడిసి తాడులా వేలాడుతుంటే ఎలాగో ఈదుకుంటూ బయటపడింది. గట్టు మీద మిగతా జంతువులన్నీ ఒళ్ళు తడవకుండా కూర్చున్నాయి.

"వరదొస్తోందని తీతువు అరవలేదా?" అని గోరింక మీద ఇంతెత్తున లేచింది నక్క.

"అరిచింది. కానీ నువ్వు ఎవర్ని ఆపాలో చెప్పావు, ఎవర్ని పంపాలో చెప్పలేదు. ఒకసారి కాపలా పెట్టాక, పంపమని చెప్పనివాళ్ళందర్నీ ఆపెయ్యడం మా పద్ధతి."

"ఆ ముక్క ముందే వచ్చి చెప్పి ఏడవచ్చుగా!"

గోరింక తాపీగా రెక్క దువ్వుకుంది. "చెబుదామనే గుమ్మం దాకా వచ్చాను. ఏం చెయ్యను, నన్ను నేనే ఆపేశాను. పంపమన్నవాళ్ళలో నా పేరూ లేదుగా!"