అమ్మ పళ్ళెం

పదకొండో ట్రే కూడా కోళ్ళకే పోయింది.

"ఆ పుంజుని చూడవే, నీ కుకీలు చూసి పారిపోతోంది," అంది మేనత్త బెర్నిస్, దడి మీద మోచేతులాన్చి.

లెనోరా నవ్వలేదు. తన పెళ్ళి రేపే.

పెళ్ళి ఇంటి పెరట్లోనే. నాన్న పాత చొక్కాలు కత్తిరించి తోరణాలు కట్టింది. జాం సీసాల్లో పూలు సర్దింది. గడ్డి మోపుల మీద దుప్పట్లు పరిచింది, అవే కుర్చీలు. అన్నీ చేత్తో చేసినవే, అన్నీ కుదిరాయి.

అమ్మ కుకీలు తప్ప.

అమెరికాలో ఈ యంగ్‌స్టౌన్ వైపు పెళ్ళిలో కేకు లేకపోతే ఎవరూ పట్టించుకోరు. కుకీల బల్ల లేకపోతే మాత్రం మనవల కాలం దాకా చెప్పుకుంటారు. చుట్టాలందరూ నెల ముందు నుంచే కాల్చి, డబ్బాల్లో పెట్టి తెస్తారు. ప్రతి డబ్బా అడుగునా తెల్ల పట్టీ, దాని మీద పేరు. డబ్బా తిరిగి రావాలిగా మరి!

ఎవరి కుకీలు ఎక్కడ పెట్టాలో లెనోరా ఎక్సెల్ షీటే వేసింది. బల్ల మధ్యలో పళ్ళెం అమ్మది. "అమ్మ కుకీలు" అని కార్డు కూడా రాసింది. పళ్ళెం మాత్రం ఖాళీ.

అమ్మ పోయి మూడేళ్ళు.

"ఎక్కడా రాసి పెట్టలేదా అత్తా?"

"చేతిలో ఉంటుంది, కాగితం మీద ఉండదు, అనేది. తలుపేసుకుని చేసేది కదే. తీస్తే పిండి కుంగిపోతుందట!" బెర్నిస్ నిట్టూర్చింది. "ఈ ఇంటికొచ్చిన కొత్తలో కాఫీ కాచడం కూడా రాదు మీ అమ్మకి. మా అమ్మ ఎన్నేసి మాటలందో! ఆ క్రిస్మస్‌కి ఈ కుకీలు తెచ్చి బల్ల మీద పెట్టింది. అంతే, మా అమ్మ నోరు మూతపడింది."

లెనోరాకి గుర్తే. ప్రతి డిసెంబర్లో, ముక్కు మీద పిండితో వంటింట్లోంచి బయటికొచ్చే అమ్మ.

ఇప్పుడు ఆ రుచి ఎవరికీ రాదు. తనకి అసలే రాదు.

మధ్యాహ్నం గేటు దగ్గర ఎవరో ముసలావిడ. వంకర్లు పోయిన వేళ్ళు. చంకలో తువ్వాలు చుట్టిన డబ్బా.

"పెళ్ళికూతురివి నువ్వేనా అమ్మాయ్?"

"నేనే. మీరు ఎవరి తరఫు?"

"ఎవరి తరఫూ కాదు. కుకీలు తెచ్చాను."

లెనోరా ఫోన్లో షీటు తెరిచింది. "పేరు?"

"ఇర్మా. కార్డు మీద మాత్రం రాయొద్దు."

"ఏమేం వేశారు? పెళ్ళికొడుకు మేనకోడలికి వాల్‌నట్ పడదు. ఒక్క ముక్క తిన్నా ఆసుపత్రే."

"వాల్‌నట్ లేదులే."

"మిగతావి?"

ముసలావిడ డబ్బాని చంకలోకి ఇంకా నొక్కుకుంది. "చెప్పకూడదమ్మా. మాటిచ్చాను."

'ఇదొకటి దొరికింది నా ప్రాణానికి,' అనుకుంది లెనోరా.

"చోటు లేదండీ. బల్ల నిండిపోయింది."

ఆవిడ పెరట్లోకి తొంగి చూసింది. "ఆ మధ్య పళ్ళెం ఖాళీగానే ఉందిగా. అందులో పెట్టు."

లెనోరాకి ఒళ్ళు మండిపోయింది.

"అది మా అమ్మది! దారిన పోయేవాళ్ళది కాదు!"

ముసలావిడ ఆమె మొహంలోకి చూసింది.

"అవును," అంది మెల్లగా. "మీ అమ్మదే."

డబ్బా గేటు పక్క దిమ్మె మీద పెట్టి, వచ్చినంత నెమ్మదిగా వెళ్ళిపోయింది.

అంతలో టెంటువాడి ఫోను, టెంటు రేపు పొద్దున్న గానీ రాదట. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అరుస్తూనే, లెనోరా ఆ డబ్బా పట్టుకెళ్ళి కోళ్ళ దొడ్లో బోర్లించి, మూతపెట్టి గోడ మీద పడేసింది. లోపలేముందో కూడా చూడలేదు.

పుంజు ఈసారి పారిపోలేదు.

పెళ్ళి అయిపోయింది. బావుందన్నారు అందరూ. మధ్య పళ్ళెం అలాగే ఉండిపోయింది. సాయంత్రానికి ఎవరో అందులో ఎంగిలి చెంచాలు పడేశారు.

మర్నాడు ఆదివారం. లెనోరా పెరట్లో కూర్చుని, డబ్బాలు ఒక్కొక్కటే తిరగేసి, అడుగున పేర్లు చూసి, వీధుల వారీగా సర్దుతోంది. చర్చి నుంచి బెర్నిస్ వచ్చింది.

"ఇర్మా పోయిందటే పాపం, నిన్న రాత్రి. మీ అమ్మ పనిచేసిన ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంటమనిషి. ఆ చేతులతో రొట్టె ముక్క విరవడమే గగనం, గురువారమంతా ఏదో కాలుస్తూ కూర్చుందట. డాక్టరు వద్దన్నా వినలేదట."

లెనోరా చేతిలో డబ్బా పక్కన పెట్టి లేచింది.

తువ్వాలు చుట్టిన డబ్బా కోళ్ళ దొడ్డి గోడ మీదే ఉంది. వెళ్ళి తెచ్చింది. మూత తీసింది. నూనె కాగితం మడతలో గోరంత పొడి మిగిలింది.

వేలికి అద్దుకుని నాలిక మీద వేసుకుంది.

సోంపు. నారింజ తొక్క. ఇంకేదో, పదకొండు ట్రేల్లోనూ తనకి దొరకనిది.

కోళ్ళు ఇంకా ఏమైనా పెడుతుందేమోనని దడి దాకా వచ్చి నిలబడ్డాయి.

"ఏమైందే? అలా పాలిపోయావేం?" అంది బెర్నిస్.

లెనోరా తువ్వాలు విప్పి డబ్బా తిరగేసింది.

అడుగున ఒకదాన్ని ఒకటి సగం కప్పుతూ పాతిక పట్టీలు. అన్నీ అమ్మ చేతిరాతే. "ఇర్మా, ఈ క్రిస్మస్‌కి పన్నెండు డజన్లు, వెనక గుమ్మం దగ్గర పెట్టు." కింద ఇంకో ఏడాది. ఇంకో ఏడాది.

అన్నిటికంటే పైది మూడేళ్ళ కిందటిది. ఆస్పత్రి మంచం మీద వణికిన చేత్తో రాసింది:

"ఇది లెనోరా పెళ్ళికి. నేనే చేశాననుకోనీ."