లెన్సు మీద గీత

పాస్‌పోర్టు ఫోటోల స్టూడియోలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న చిన్నికి ఎక్కడ మచ్చ కనిపించినా చెయ్యి ఊరుకోదు.

ముఖాన మొటిమ ఉన్నా, కాలరు మీద మరక ఉన్నా, కంప్యూటర్లో చెరిపేస్తేగానీ ఫోటో బయటికి పంపదు.

అందుకే సెకండ్‌హ్యాండ్ కొట్టులో కొన్న లెన్సును ఇంటికి తెచ్చిన రోజే ఆ పని చేసింది. ఫోకసు తిప్పే రింగు మీద ఎవరో సూదితో గీసినట్టు ఒక గీత ఉంది. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, నల్ల రంగు పూసి, ఆరాక చూసుకుని మురిసిపోయింది.

ఆ లెన్సు వయసులో ఆమెకంటే పెద్దది. అన్నీ చేత్తో తిప్పుకోవలసిందే. దాన్ని ఇప్పటి కెమెరాకు బిగించే ఇత్తడి రింగు కూడా దానితోనే వచ్చింది.

కొట్టు గోడ మీద ఒక తోకచుక్క ఫోటో ఉంది. చుట్టూ నక్షత్రాలు సూదిమొనతో గుచ్చినట్టున్నాయి. అది ఈ లెన్సుతో తీసిందేనని కొట్టతను చెప్పగానే చిన్ని కొనేసింది. అతనింకేదో చెప్పబోతుంటే స్టూడియోకు ఆలస్యమవుతోందని వచ్చేసింది.

ఆమె తొందర ఆమెది. నక్షత్రశాలలో ఫోటోగ్రాఫరు ఉద్యోగం ఖాళీ పడింది. ఇప్పుడు పడమట కనిపిస్తున్న తోకచుక్కను ఎవరు బాగా తీస్తే వాళ్ళకే అన్నారు. పొద్దుగుంకాక ఇరవై నిమిషాలే కనిపిస్తుందది. అదీ ఇంకా నాలుగు సాయంత్రాలే.

ఈ ఉద్యోగం రాకపోతే జీవితమంతా "గడ్డం కాస్త దించండి" అంటూ గడిపేయాలి. అది తలచుకుంటేనే ఆమెకు ఏడుపొస్తుంది.

మొదటి సాయంత్రం ఊరి చివర గుట్ట ఎక్కింది. దూరాన ఉన్నవాటికోసం లెన్సు మీద పడుకున్న ఎనిమిది అంకెలా ఒక గుర్తు ఉంటుంది. సరిగ్గా అక్కడ పెట్టి తీసింది.

నక్షత్రాలన్నీ మసకబారి చొక్కా బొత్తాల్లా వచ్చాయి.

పక్క బెంచీ మీద చేతికర్రతో కూర్చున్న పెద్దాయన, ఏం లెన్సని అడిగాడు. చెప్పింది. ఆయన ముఖం వెలిగింది.

"ఆ గుర్తును నమ్మకండమ్మా. కొత్త కెమెరాల మీద అది అబద్ధం చెబుతుంది. కాస్త ఇవతలే ఆపాలి."

"ఎంత ఇవతల?"

"మాటల్లో చెప్పలేను. ఒక్కసారి నా చేతికిస్తే పెట్టిస్తాను."

మాట్లాడుతున్నంతసేపూ ఆయన ఆమె వంక చూడలేదు. ఎంత పొగరు అనుకుంది చిన్ని. ముక్కూ మొహం తెలియనివాడి చేతికి లెన్సు ఎలా ఇస్తుంది? తాను చూసుకుంటానని ముక్తసరిగా చెప్పి ఊరుకుంది.

రెండో సాయంత్రం కెమెరా తెరమీద ఒక చుక్కను పెద్దది చేసుకుని, ఊపిరి బిగబట్టి రింగు తిప్పింది. పాత రింగు వదులు. వేలు తీయగానే జరిగిపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ జరిగింది. అలా ఇరవై నిమిషాలూ గడిచిపోయాయి.

ఈలోగా బెంచీ మీంచి ప్రశ్నలు. ఎలా వచ్చింది? తోక ఎటు వాలింది? ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకుని ఈ అడగడమేమిటి, ఎగతాళి కాకపోతే! చిన్ని ఒళ్ళు మండి, స్టాండు ఎత్తుకుపోయి పది అడుగుల అవతల పెట్టుకుంది.

మర్నాడు స్టూడియో నడిపే బాబాయి ఆ బొత్తాలను చూశాడు.

"దాన్ని కూడా స్టూలు మీద కూర్చోబెట్టి గడ్డం దించమనలేకపోయావా అమ్మడూ?"

చిన్నికి నవ్వు రాలేదు.

మూడో సాయంత్రం మరీ ఘోరం. విసుగెత్తి, లెన్సు ఊడదీసి, బెంచీ దగ్గరికి వెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

"పెట్టండి చూద్దాం."

ఆయన కర్ర పక్కన పెట్టాడు. బొటనవేలి గోరు రింగుకు ఆనించి నెమ్మదిగా తిప్పాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. గోరు ఎక్కడా ఆగలేదు. మూడో చుట్టుకు ముఖంలో ఆ వెలుగు కాస్తా పోయింది.

"నేననుకున్నది ఇది కాదమ్మా. ఏమీ అనుకోకండి."

లెన్సు తిరిగి ఇచ్చి, కర్ర తాటించుకుంటూ దిగిపోయాడు. మూడు రోజులు చెవిలో జోరీగలా రొదపెట్టి, తీరా ఇస్తే ఇది కాదట! చిన్నికి పళ్ళు నూరుకోవడం తప్ప ఏం చేయాలో తోచలేదు.

నాలుగో సాయంత్రం బెంచీ ఖాళీగా ఉంది. ఎవరి నసా లేదు. అయినా వచ్చినవి బొత్తాలే.

తోకచుక్క వెళ్ళిపోయింది. ఉద్యోగం ఇంకెవరికో వెళ్ళింది.

మర్నాడు చిన్ని లెన్సును కొట్టతని బల్లమీద పెట్టింది. గోడమీది ఫోటో దీనితో తీసింది కాదని, అబద్ధం చెప్పి తనకు అంటగట్టాడని కడిగేసింది. అతను లెన్సు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గీత ఏదమ్మా?"

"ఏ గీత? ఆ మచ్చా? చెరిపేశాను."

అతను లెన్సును మెల్లగా బల్లమీద పెట్టాడు. ఆ రోజు చెప్పబోయింది అదేనన్నాడు. నక్షత్రాలు చుక్కల్లా పడే చోటది. ఫోటో తీసినాయన చూపు మందగిస్తున్నప్పుడు, చీకట్లో గోటికి తగలాలని ఆరు నెలలు తంటాలుపడి పెట్టుకున్న గుర్తు.

"ఇప్పుడు ఆయనకు బొత్తిగా కనబడదమ్మా" అన్నాడు. "కొన్నవాళ్ళు తోకచుక్క కోసం అక్కడికే వస్తారని, వాళ్ళకు ఆ గీత పట్టించాలని మూడు రోజులు కర్ర పట్టుకుని గుట్టెక్కారు, ఎవరో అమ్మాయి వచ్చింది గానీ ఆమె దగ్గరున్నది తన లెన్సు కాదని మొన్ననే చెప్పి వెళ్ళారు."