పళ్లెం తాతకు వచ్చిన జవాబులు

హలో, వినబడుతోందా అండీ? పొయ్యి మీద ఏమైనా ఉంటే మంట తగ్గించి రండి. చిన్న కథే, పట్టుమని నాలుగు నిమిషాలు పట్టదు.

ఆ రోజు గడియారాలు బాగుచేసే కొట్లోకి ఒకాయన వచ్చి, చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాడు.

సన్నటి మనిషి. చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని, పాత ఫైల్లోంచి అప్పుడే తీసిన కాగితంలా ఉన్నాడు.

కొట్టు పెద్దాయన కంటికి భూతద్దం బిగించుకుని, గడియారం వెనక మూత తీసి చాలాసేపు చూశాడు.

"దీనికి ఏ రోగమూ లేదండీ."

"అలాగా. ఒకసారి చూపిద్దామని తెచ్చాను, అంతే."

వచ్చినాయన కొట్టునీ, గోడనీ, పెద్దాయన్నీ తీరిగ్గా చూసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మనిషి మలుపు తిరగ్గానే పెద్దాయన గొంతు తగ్గించాడు. పక్కనే కోడలు ఒక గడియారానికి పట్టీ మారుస్తోంది.

"అమ్మాయీ, నలభై ఏళ్ళ సర్వీసు నాది. బాగున్న గడియారాన్ని బాగుచేయమని ఎవడూ తేలేదు."

"అయితే ఏంటి మావయ్యా?"

"నిఘా. నా ఉత్తరాలు పైదాకా వెళ్ళాయన్నమాట."

కోడలు పెదవి కొరికి నవ్వు ఆపుకుంది.

వీధిలో ఆయన్ని అందరూ పళ్లెం తాత అంటారు. ఆరేళ్ళ కింద, భార్య పోయిన కొత్తలో, డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తుంటే పడమట ఒక వెలుగు కనిపించింది. కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. అప్పట్నుంచి రోజూ పొద్దు వాలేసరికి డాబా ఎక్కేవాడు.

ఎగిరే పళ్ళాలు వస్తున్నాయనీ, చీమల బారుని మనం చూసినట్టు వాటిలోవాళ్ళు మనల్ని చూస్తున్నారనీ, ప్రభుత్వం అన్నీ తెలిసి నోరు మెదపడం లేదనీ ఆయన గట్టి నమ్మకం.

"మనల్ని చూస్తే వాళ్ళకేం ఒరుగుతుంది మావయ్యా?" అనేది కోడలు.

"సీరియల్ చూస్తే నీకేం ఒరుగుతోంది?" అనేవాడు.

చూసిందంతా గంట, నిమిషం, సెకనుతో సహా రాసి, నెలకోసారి ప్రభుత్వ కార్యాలయంలోని ఆకాశ పరిశీలన విభాగానికి పోస్టు చేసేవాడు.

విచిత్రం ఏంటంటే, ప్రతి నెలా జవాబు వచ్చేది.

"మీ పరిశీలన నమోదు చేసుకున్నాము. సమయం విషయంలో మీ అంత కచ్చితంగా రాసేవారు మరొకరు లేరు. చలి ముదిరింది, చెవులకు గుడ్డ కట్టుకుని డాబా ఎక్కగలరు."

జవాబు వచ్చిన పూట ఆయన రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. కోడలికి అది చాలు. పళ్ళాలు ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

ఆ గడియారం మనిషి మళ్ళీ కనిపించాడు, ఎదుటి మందుల షాపు మెట్ల దగ్గర. పెద్దాయన తలుపు సందులోంచి చూసి ముడుచుకుపోయాడు. ఆ సాయంత్రం డాబా ఎక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు.

ఇంకో వారానికి పక్క సందులో, వీళ్ళ ఇంటి తలుపు దగ్గరే, కోడలికి దొరికిపోయాడు.

"ఎవరండీ మీరు? ఏం కావాలి?"

"ఏం లేదమ్మా. పెద్దాయన బాగున్నారా?"

"మీరు బాగుండనిస్తే కదా. మిమ్మల్ని చూసి డాబా ఎక్కడమే మానేశారు."

ఆయన తెల్లబోయాడు.

"నన్ను చూసి భయపడుతున్నారా?"

"కాకపోతే నన్ను చూసా? మిమ్మల్ని ఎవరు పంపారో నాకనవసరం. ఇంక ఈ వీధిలోకి రాకండి."

"రానమ్మా," అని తల వంచుకుని వెళ్ళిపోయాడు.

"మీ నిఘాని తరిమేశాను మావయ్యా," అంది కోడలు లోపలికొచ్చి.

"నువ్వు మిలిటరీలో ఉండాల్సినదానివి," అని పెద్దాయన ఆ సాయంత్రమే డాబా ఎక్కాడు.

కానీ ఆ నెల జవాబు రాలేదు. మరుసటి నెలా రాలేదు. ఆయన రాస్తూనే ఉన్నాడు. నాలుగో ఉత్తరం పోస్టు చేసొచ్చి, కలం మూసి పక్కన పెట్టేశాడు.

"నా మాట నమ్మినవాడు అక్కడ ఒక్కడున్నాడు. వాడి నోరు కూడా మూయించేశారమ్మా."

తిండి తగ్గింది. చేతిలోంచి ఆవగింజంత స్క్రూ జారిపడితే వంగి వెతకడం కూడా మానేశాడు.

ఇలాగైతే మనిషి దక్కడనుకుని, కోడలు పాత జవాబొకటి పట్టుకుని కార్యాలయానికి వెళ్ళింది. మూడు బల్లలు తిప్పాక ఒక క్లర్కమ్మ ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసింది.

"ఈ విభాగం ఎత్తేసి ఎనిమిదేళ్ళయిందమ్మా."

"మరి మొన్నటిదాకా జవాబులొచ్చాయే?"

"అవి మా రికార్డు రూము అటెండరు రాసేవారు. ఆ ఉత్తరాలు చించెయ్యమని మా సారు చెప్పారు. ఈయన చించలేదు. అంత శ్రద్ధగా చూసే మనిషికి ఎవరో ఒకరు బదులు చెప్పాలి కదండీ, అనేవారు."

కోడలు బల్ల మీదికి వంగింది.

"ఆయన్ని ఒక్కసారి పిలవండి. దణ్ణం పెట్టుకుంటాను."

"పోయిన నెలే రిటైరయ్యారు. ఒంటరి మనిషి. ఎటు వెళ్ళారో మాకూ తెలీదు."

క్లర్కమ్మ సొరుగు లాగి నాలుగు కవర్లు తీసింది.

"ఇవి మీ పెద్దాయనకి రాసినవే. అడుగుతూ ఎవరైనా వస్తే ఇమ్మన్నారు."

"రాసి కూడా ఎందుకు పంపలేదండీ?"

"ఆఫీసు నుంచి పంపకూడదు కదమ్మా. ఇన్నేళ్ళూ ఆయనే నడుచుకుంటూ వచ్చి మీ తలుపు సందులోంచి వేసిపోయేవారు. ఈమధ్య ఆ ఇంటి కోడలు ఇంక వీధిలోకే రావద్దందట."

అంతేనండీ. మీకు తెలిసిన ఇళ్ళలో ఆకాశం కేసి చూసే పిచ్చి మారాజు ఒక్కడైనా ఉంటాడు. ఆయనకి కాదు, ఆయన ఇంట్లోవాళ్ళకి ఈ కథ పంపండి.